చల్లగుట్టలో ఏడు గుర్తులు

ఆ రాళ్ళు పెట్టింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, అందులో కూడా రాసుకోలేదు. ఆ రోజు పేజీలో రెండే ముక్కలున్నాయి: "చల్లగుట్ట. బాపు దొరికిండు." మిగతా పేజీ ఖాళీ. ఆ ఖాళీలో ఏం రాయాలో నాకు బాగా తెలుసు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, మూసేశాను.

మా బాపు అరబ్బు దేశంలో తబూక్ పక్కన ఒక పెద్ద ఫారంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు, పైపులైన్ల ఫోర్‌మన్‌గా. గోధుమ, పశువుల మేత, పండ్ల తోటలు. విమానంలోంచి చూస్తే పొలాలన్నీ పళ్ళాల్లాగా గుండ్రంగా కనపడతాయి. వాటికి నీళ్ళు మోసే పైపులు ఇసుక కింద పరుచుకుని ఉంటాయి. పైపు పూడ్చిన చోట ఈ వారం ఉన్న ఆనవాలు వచ్చే వారం ఉండదు, గాలి చదును చేసేస్తుంది. అందుకని బాపు మనుషులు పైపు పొడవునా రాళ్ళు పెట్టుకుంటూ పోయేవాళ్ళు. కింద రెండు బల్లపరుపు రాళ్ళు, ఒకదానిమీద ఒకటి. పైన కోసుగా, పొడుగ్గా ఉండే మూడో రాయి. దాని మొన ఎటు చూస్తుంటే పైపు అటు పోతున్నట్టు. ఆ గుర్తు బాపు సొంతంగా కనిపెట్టాడో, అంతకుముందున్న పాకిస్తానీ ఫోర్‌మన్ దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఫారంలో దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. కొత్తగా వచ్చిన మనిషి ఎవరైనా కాలితో తన్నితే, బాపు ఎంత శాంతంగా ఉండే మనిషో అంత గట్టిగా అరిచేవాడు. ఎక్కడైనా పడిపోయి కనపడితే బండి దిగి, నిలబెట్టి, మొన సరిచేసి, చేతులు దులుపుకుని ఎక్కేవాడు. చిన్నప్పుడు శుక్రవారాలు ఆయన పికప్‌లో పక్కన కూర్చుని తిరిగేదాన్ని. అక్షరాలతో పాటే ఆ గుర్తు కూడా చదవడం వచ్చింది.

చలికాలంలో తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ఎర్రరాళ్ళ ఎడారికి పోయేవి. హిస్మా అంటారు దాన్ని. తబూక్ నుంచి పడమరకు పోతే ఇసుకలోంచి ఎర్రటి కొండలు విడివిడిగా లేచి నిలబడి ఉంటాయి. వాటిలో ఒకదాని మధ్య చీలికలా లోపలికి పోయే ఇరుకు లోయ ఉంది. మధ్యాహ్నం కూడా నీడ ఉంటుందని మా వాళ్ళు దానికి చల్లగుట్ట అని పేరు పెట్టారు. అరబ్బులు ఏమంటారో మాకు తెలియదు, ఎవరూ అడగలేదు.

అక్కడ మగవాళ్ళు కోడిమాంసం కాల్చుకుంటూ పేకాడేవాళ్ళు. అమ్మలు చాప మీద కూర్చుని ఎవరి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు, ఎవరి కఫీల్ కాదు అన్న దగ్గర మొదలుపెట్టేవాళ్ళు. నా వయసు ఆడపిల్లలు ఫోన్లతో వీడియోలు తీసుకునేవాళ్ళు. నేను శాలువా కింద పుస్తకం పెట్టుకుని మెల్లగా లోయలోకి జారుకునేదాన్ని. కొంత దూరం పోయాక లోయ రెండుగా చీలుతుంది. కుడివైపు వెడల్పుగా, ఇసుకగా ఉంటుంది, అందరూ అటే నడుస్తారు. ఎడమవైపు ఒట్టి బండలు, పైకి పోతాయి. అలా ఎక్కి పోగా పోగా ఒక గట్టు, ఆ గట్టు చివర మనిషెత్తు పల్లం. ఆ పల్లంలో ఒక గదంత చోటు. మూడు వైపులా రాయి, నాలుగోవైపు ఏమీ లేదు, కిందికి లోయ. అంచుకు పోకుండా గోడకు ఆనుకుని కూర్చుంటే ఎవరికీ కనపడను. అక్కడ ఎన్ని పుస్తకాలు చదివానో, ఎన్ని పేజీలు రాశానో. కూర్చుని జారితే దిగిపోవచ్చు. ఎక్కేటప్పుడు మూలన ఒక పగులు ఉంది, అందులో కాలి వేళ్ళు పెట్టి పాకితే పైకి రావచ్చు. పదహారేళ్ళ బక్క పిల్లకు అదేం కష్టం కాదు.

రెండోసారి వెళ్ళినప్పుడు దారి తప్పి, భయంతో ఏడుపొచ్చింది. అందుకని మూడోసారి రాళ్ళు పెట్టాను. చీలిక దగ్గర ఒకటి, పైన గట్టు చివర ఒకటి, మధ్యలో అయిదు. బాపు గుర్తే పెట్టాను. నాకు తెలిసిన గుర్తు అదొక్కటే. తరువాత నన్ను డిగ్రీకి కరీంనగర్ పంపారు. ఆ రాళ్ళను మరిచిపోయాను.

పోయిన చలికాలం బాపు ఫారం పని మానేసి ఇంటికి పోవడానికి సిద్ధమయ్యాడు. అమ్మ అంతకుముందే జగిత్యాల వెళ్ళిపోయింది. సామాను సర్దడానికి సాయంగా నేను విజిట్ వీసా మీద వచ్చాను. దేశం విడిచిపోయే ఎగ్జిట్ కాగితం చేతికొచ్చాక బాపు ఒకటే మాట పట్టుకున్నాడు.

"మల్ల వస్తమా ఏమన్ననా. అన్ని జాగలు ఒక్కసారి చూసిపోదాం బిడ్డా."

బండి నడపడానికి చిచ్చా వచ్చాడు. చిచ్చా అంటే బాపు స్నేహితుడు, కడప మనిషి, తబూక్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. యాభై దాటాయి. తన కఫీల్‌ను అడిగి, ఆయన పెద్ద బండి మూడు రోజులకు తెచ్చాడు. పదిహేనేళ్ళుగా బాపు ఆయన్ను భాయ్ అంటాడు, ఆయన బాపును అన్నా అంటాడు. నన్ను పాప అంటాడు. నా వయసు ఇరవై నాలుగని చెప్పినా పాపే. ఇద్దరూ దారి పొడుగునా ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకుంటారు.

"మీవోళ్ళు కొండను పట్టుకోని గుట్ట అంటారు సూడన్నా, నాకు ఇప్పటికీ అర్థం కాల్యా. గుట్ట అంటే మాకు కుప్ప. మొదటిసారి చల్లగుట్ట అంటే ఏదో మజ్జిగ కుప్ప అనుకుంటి."

"నీ కడపల మజ్జిగ కూడ కుప్పలు పోస్తరా భాయ్?"

నేను వెనక సీట్లో నవ్వుకున్నాను. నవ్వినట్టు అద్దంలో చూసి చిచ్చా, "పాప నవ్వె, ఈరోజు వాన పడతాది" అన్నాడు.

మొదటి రోజు లౌజ్ కొండకు పోయాం. మంచు లేదు, గాలి మాత్రం చెవులు కోసింది. ఒకప్పుడు బాపు నన్ను వీపు మీద కూర్చోబెట్టుకుని ఎక్కిన దారి అది. ఈసారి ప్రతి యాభై అడుగులకు ఆగి, దూరంగా ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. దూరంగా చూడ్డానికేమీ లేదు. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడని నాకూ చిచ్చాకూ తెలుసు, ఇద్దరం అటే చూశాం. రెండో రోజు దిసా వాదీ అనే లోయకు పోయాం. ఎర్రటి గోడల మధ్య ఈతచెట్లు, సన్నగా పారే నీళ్ళు. బాపు చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, వెనకటి రోజుల్లో తనతో ఇక్కడికొచ్చిన వాళ్ళను ఒక్కొక్కరిని తలచుకున్నాడు. ఒకాయన నిర్మల్ పోయి కిరాణం పెట్టాడు. ఒకాయన బోధన్ మనిషి, ఇంటికి పోయిన ఏడాదికే చనిపోయాడు.

ఆ రెండు రోజులూ బాపు సరిగ్గా తినలేదు. ఆయనకు షుగర్. కొత్త గోలీ రాసి డాక్టరు, తినకుండా వేసుకోవద్దని గట్టిగా చెప్పాడట. అది నాకు అమ్మ ఫోన్లో చెప్పింది. మూడో రోజు పొద్దున గోలీ వేసుకుని, సగం ఖుబ్జ్ రొట్టె తిని చాలన్నాడు. ఆ సగం రొట్టె నేను చూశాను. ఇంకో ముక్క తినమని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చిచ్చా ఏదో చెబుతున్నాడు, మధ్యలో మాట్లాడడం ఎందుకులే అనుకున్నాను. నా బతుకంతా ఇంతే, ఎవరో మాట్లాడడం ఆపితే మాట్లాడదామని చూస్తుంటాను.

చల్లగుట్టకు చేరేసరికి మూడున్నర దాటింది. మేం తప్ప ఎవరూ లేరు. చిచ్చా చాప పరిచి, గ్యాస్ పొయ్యి వెలిగించాడు.

"నేను జరంత లోపటికి పోయస్త" అన్నాడు బాపు.

"ఉండన్నా, టీ పెట్టి నేనూ వస్తా. ఒంటిగా యాడికి?"

"నువ్వు చాయ్ జూడు. నీ చాయ్ల ఎట్లాగు చక్కెర ఎక్కువ, చాయ్ తక్కువ, దాన్ని చూస్కునే మనిషి ఉండాలె. మూల మలిగి అస్త."

చిచ్చా నావైపు చూశాడు. నేను కూడా వెళ్ళవచ్చు. కాని బాపు తొందరగా పోయి తొందరగా వస్తే, ఆ తరువాత నేనొక్కదాన్నే నా చోటికి పోయి రావచ్చని లోపల లెక్క వేసుకుంటున్నాను. ఆ లెక్క వల్ల, "పోనీ చిచ్చా, దగ్గరే గదా" అన్నాను. ఆ మూడు రోజుల్లో ఎవరూ అడగకుండా నేను మాట్లాడిన మాట బహుశా అదొక్కటే.

బాపు చేతులు వెనక్కి కట్టుకుని, లోయలోకి నడిచి, మూల తిరిగాడు.

టీ అయింది. చల్లారింది. చిచ్చా మళ్ళీ వేడిచేశాడు. నేను బండిలో కూర్చుని పుస్తకం తెరిచాను, ఒకే పేజీ మూడుసార్లు చదివాను. నాలుగుంబావుకు చిచ్చా లేచి లోయ మొగదల నిలబడి "అన్నా!" అని కేకేశాడు. ఆ కేక గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఇంకేమీ రాలేదు.

"మాటల్లో పడినాడేమో ఎవురితోనన్నా" అన్నాడు. అక్కడ ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. ఫోన్ చూశాం. సిగ్నల్ కోసం తారు రోడ్డు దాకా ఇరవై కిలోమీటర్లు పోవాలి. చలికాలంలో అక్కడ అయిదున్నర దాటితే పొద్దు ఉండదు. ఇసుక ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లబడుతుంది. బాపు ఒంటిమీద పలచటి చొక్కా. స్వెట్టర్ నా పక్కన సీట్లో ఉంది.

ఇద్దరం లోపలికి నడిచాం. దారి చీలే చోటికి వచ్చాక నేను ఆగిపోయాను.

ఎడమవైపు బండ మీద మూడు రాళ్ళు. కింద రెండు బల్లపరుపుగా, పైన కోసురాయి, మొన పైకి చూపిస్తూ. ఎనిమిదేళ్ళ గాలికి, వానకు కూడా పడిపోలేదు. అంత బాగా పెట్టడం బాపే నేర్పాడు.

ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఆ గుర్తు చూసిన బాపు కుడివైపు పోడు. ఇరవై రెండేళ్ళు ఆయన రోజూ ఆ మొన చూసి నడిచాడు. ఎక్కడికి పోతుందో తెలియకపోయినా, ఎవరో తన మనిషే పెట్టాడని నమ్మి నడుస్తాడు.

"ఇటే పోయింటాడు, ఇసకలో అడుగులు ఉండాయి సూడు" అని చిచ్చా కుడివైపు తిరిగాడు. ఇసుకలో అడుగులు ఉన్నాయి. పోయిన శుక్రవారం వచ్చిన వాళ్ళవి, అంతకుముందు వాళ్ళవి, వందల అడుగులు. ఎడమవైపు బండ మీద అడుగులు పడవు.

చిచ్చా వెనక నడిచాను.

ఎందుకు చెప్పలేదని అప్పటినుంచి నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయమని చెప్పుకున్నాను. నిజానికి అంత పెద్ద భయం కూడా కాదు, చిన్నది, సిగ్గులాంటిది. చెబితే, "నువ్వెందుకు పెట్టినావు పాప?" అంటాడు. అప్పుడు శాలువా కింద పుస్తకాలు, ఒంటరిగా గట్టు మీద కూర్చోవడం, అమ్మకు తలనొప్పి అని చెప్పి జారుకోవడం, అన్నీ బయటికొస్తాయి. బాపు ఇటే ఉండి ఉంటే చెప్పాల్సిన పనే ఉండదు కదా అని ఆశపడ్డాను. ఇంకో మలుపు తిరిగితే కనపడతాడు, ఇంకో మలుపు. ఒక్కో మలుపు దగ్గర చిచ్చా "అన్నా" అని అరుస్తున్నాడు, నేను "బాపూ" అని అరుస్తున్నాను. ఆయన ఉండడని తెలిసిన చోట ఆయన్ను పిలుస్తున్నాను. నా గొంతులో తేడా నాకే వినపడింది.

అలా అరగంట నడిచాం. చిచ్చా బీడీల మనిషి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి వంగిపోయాడు. గోడ పట్టుకుని నిలబడి, ముఖం తుడుచుకుని అన్నాడు:

"ఇట్ల కాదు పాప. నేను రోడ్డు కాడికి పోయి ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తా. బండి కఫీల్‌ది, పోలీసోళ్ళు వచ్చి నన్నడిగితే అడగనీ. నువ్వు ఈడనే కేకలేస్తా ఉండు. ఉంటావా?"

రోడ్డుకు పోవడానికి అరగంట, వాళ్ళు రావడానికి ఎంతో తెలియదు. అప్పటికి చీకటి. ఆ పల్లానికి నాలుగోవైపు ఏమీ లేదు.

ఆయన వెంటే నేనూ మళ్ళీ చీలిక దగ్గరికి వచ్చేసరికి ఎండ గోడల పైఅంచుకు పోయింది. రాళ్ళు మూడూ నల్లగా కనపడుతున్నాయి. చిచ్చా వాటిని దాటిపోయాడు.

"చిచ్చా."

"ఏంది పాప?"

"ఇటు ఒకసారి చూద్దామా?"

ఆయన ఎడమవైపు బండల్ని చూశాడు. "ఇదేం దోవ పాప, మేకలు గూడా పోవు. మోకాళ్ళ నొప్పి మనిషి, ఇట్ల ఎందుకు పోతాడు?"

"చూద్దాం చిచ్చా. ఒక్కసారి."

ఆయన జవాబు కోసం ఆగలేదు, ఎక్కడం మొదలుపెట్టాను. రెండో గుర్తు, మూడోది. నా కాళ్ళకు ఆ బండలు గుర్తున్నాయి, ఎక్కడ పట్టు దొరుకుతుందో చేతులకు తెలుసు. వెనక చిచ్చా ఆయాసపడుతూ, "ఏంది ఇది, మేకపిల్ల మాదిరి ఎక్కుతాండవే" అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు. నేను వెనక్కి తిరగలేదు.

నాలుగో గుర్తు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. అది ఎప్పుడో పడిపోయి ఉండాలి. ఇప్పుడు నిలబడి ఉంది. పైరాయి మీద ఎండకు వెలిసిన వైపు కిందికి, మట్టి అంటుకుని ఎర్రగా ఉన్న వైపు పైకి ఉంది. ఆ మట్టి ఇంకా రాలలేదు. ఎవరో ఇప్పుడే ఎత్తి పెట్టారు. పడిపోయిన గుర్తు కనపడితే నిలబెట్టకుండా పోలేని మనిషి నాకు తెలిసి ఒక్కడే.

"బాపు ఇటే పోయిండు చిచ్చా!"

"నీకెట్ల తెలుసు?"

"రాయి నిలబెట్టిండు."

చిచ్చాకు అర్థం కాలేదు, కానీ ఆ తరువాత ఏమీ అడగలేదు. అయిదోది, ఆరోది కూడా సరిచేసి ఉన్నాయి. ఏడోది గట్టు చివర, మొన పల్లంలోకి చూపిస్తూ. నేను బోర్లా పడుకుని కిందికి చూశాను.

బాపు గోడకు కాకుండా అంచుకు దగ్గరగా కూర్చుని ఉన్నాడు. తల ఊగుతోంది. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది, అంత చలిలో. ఒక చెప్పు లేదు.

"బాపూ, కదలకు!"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. చూసి, "ఎవలు?" అన్నాడు. నాలుక మొద్దుబారిన గొంతుతో. లేవబోయాడు. అంచుకు రెండు అడుగుల దూరం కూడా లేదు.

నేను ఎలా జారానో గుర్తులేదు. అరచేతులు గీసుకుపోయినట్టు తరువాత తెలిసింది. వెనకనుంచి ఆయన నడుము పట్టుకుని గోడవైపు లాగాను. ఆయన తోసేశాడు. చిన్నప్పటినుంచి నా మీద చెయ్యి ఎత్తని మనిషి, ఎవరో తెలియక గట్టిగా తోశాడు. మళ్ళీ పట్టుకుని, ఇద్దరం కలిసి గోడ కింద కూలబడ్డాం.

"షుగర్ పడిపోయినాది, ఇది పెట్టు, నోట్లో పెట్టు" అని పైనుంచి చిచ్చా తన జేబులోని ఖర్జూరాల పొట్లం విసిరాడు. గింజ తీసి, మెత్తగా నలిపి, ఆయన చెంపలోపల పెట్టాను. "మింగు బాపూ, మెల్లగ మింగు." మొదటిది ఉమ్మేశాడు. రెండోది చప్పరించాడు. మూడోది, నాలుగోది. చిచ్చా పైనుంచి "తింటాండాడా? తింటాండాడా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. ఆయన చేతుల వణుకు ముందు తగ్గింది. తరువాత కళ్ళు వచ్చి నా ముఖం మీద నిలిచాయి.

"బిడ్డా, నువ్వెప్పుడు అచ్చినవే?" అన్నాడు.

కాలి మడమ వాచింది, పైకి ఎక్కలేడు. బండిని లాగే బెల్టు తేవడానికి చిచ్చా పరుగెత్తాడు. ఆ దగ్గు మనిషి ఆ బండల మీద ఎలా దిగి ఎలా వచ్చాడో. నేను బాపుకు శాలువా కప్పి పక్కన కూర్చున్నాను. నా పాత చోటే. లోయలో వెలుతురు పలచబడుతోంది.

"మనోళ్ళు ఎవలో అచ్చిన్రే గీడికి" అన్నాడు బాపు. ముఖంలో వింతైన సంతోషం. "మన గుర్తు. చూసినవా? అచ్చం మనం పెట్టినట్టే. గీ ఎడారిల మన పైపు లేదు, ఏం లేదు, మరెందుకు పెట్టిండో. పోయి చూద్దామని అచ్చిన. ఆ బోధన్ ఆయన పెట్టినట్టున్నడు. ఆయనకు గిట్ల ఒక్కడే తిరుగుడు అలవాటు. ఇంకెవ్వలకు ఇంత పొందిక రాదు."

చనిపోయిన మనిషి గురించి అంటున్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. మేమిద్దరమే ఉన్నాం. ఆయన మామూలు మనిషయ్యాడు, కోప్పడి ఉండేవాడు కూడా కాదు. నోరు తెరిచాను. "చలి పెడుతున్నదా బాపూ?" అని అడిగాను.

చిచ్చా బెల్టు తెచ్చి బండకు చుట్టి, తన ఎర్రగళ్ళ తలగుడ్డ బాపు చంకల కింద కట్టించి పైనుంచి లాగాడు, నేను కిందినుంచి భుజం పెట్టి ఎత్తాను. బాపు చెయ్యి చిచ్చా మెడ మీద, ఇంకో చెయ్యి నా మెడ మీద వేసుకుని ఒక్కో బండా దిగుతుంటే, ప్రతి గుర్తు పక్కనుంచే వచ్చాం. కాలితో ఒక్క తోపు తోస్తే పడిపోతాయి. బాపు చూస్తున్నాడని తొయ్యలేదు. అవి ఇంకా అక్కడే ఉండి ఉంటాయి, మూడింటిని ఆయనే గట్టిగా నిలబెట్టాడు. రేపు ఇంకెవరి తండ్రి అయినా వాటిని నమ్మి ఎక్కితే ఏమవుతుందో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. అక్కడికి వెళ్ళివచ్చే ఒకరిద్దరికి ఫోన్ చేసి తీసెయ్యమని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఎవరు పెట్టారని అడుగుతారు.

సిగ్నల్ రాగానే అమ్మ ఫోన్. అప్పటికి పన్నెండు సార్లు చేసింది. చిచ్చా బండి నడుపుతూ స్పీకర్‌లో పెట్టి, జరిగింది చెప్పాడు. అమ్మ ఏడుస్తూ అరిచింది.

"ఒక్కణ్ణి ఎట్ల పంపినవ్ భాయ్? షుగర్ మనిషని తెల్వదా? నువ్వున్నవనే గద నేను ధైర్యంగున్న!"

"తప్పయిపోయిందొదినా."

"తప్పంటే అయిపోతదా? ఏమన్న అయితుంటే ఎవలు జవాబు చెప్పాలె?"

"నేనే చెప్పాలొదినా. నాదే తప్పు."

వెనక సీట్లో బాపు తల నా ఒళ్ళో ఉంది. ఒక్క మాట ముందుకు వినపడేలా అంటే చాలు. అద్దంలో చిచ్చా కళ్ళు కనపడుతున్నాయి. నేను బాపు నుదురు తుడుస్తూ తల వంచుకున్నాను.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, కాలికి కట్టు కట్టి పంపారు. బాపు రెండు రోజుల్లో కోలుకున్నాడు. కోలుకున్నాక దాన్ని కథ చేశాడు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. "నేనాడ చస్తున్నగని, మా భాయ్ చాయ్ మళ్ళ మళ్ళ వేడి చేసుకుంట కూసున్నడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. బాపు ఉద్దేశం పరిహాసమే, వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ ఉండే పరిహాసం. మొదటి రోజు చిచ్చా కూడా నవ్వాడు. మరుసటి రోజు సగం నవ్వాడు. మూడో రోజు ఆ మాట మొదలవగానే లేచి, ఎవరో ఫోన్ చేస్తున్నారని బయటికి పోయాడు. నేను కిటికీలోంచి చూశాను. ఫోన్ జేబులోనే ఉంది. గోడ పక్కన ఊరికే నిలబడ్డాడు.

ఆ రోజు ఆయన వెనకే బయటికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆయన నన్ను చూసి, "ఏం పాప, నీళ్ళు కావాల్నా?" అని తనే లోపలికి పోయి గ్లాసు తెచ్చిచ్చాడు. నీళ్ళు తాగి, గ్లాసు ఇచ్చేసి వచ్చాను.

మా విమానం రోజు ఎయిర్‌పోర్టుకు చిచ్చాయే దింపాడు. సామాను బండి మీద తానే పెట్టాడు. బాపు, ఆయన చాలాసేపు కౌగిలించుకుని నిలబడ్డారు. బాపు కుంటుకుంటూ పాస్‌పోర్టులు పట్టుకుని ముందుకు నడిచాడు. నేను వెనక ఉన్నాను. చిచ్చా నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు తరువాత మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. వేరే కఫీల్ దొరికి హఫర్ అల్ బాతిన్ పోయాడని విన్నాం. నంబరు మారింది, కొత్తది బాపుకు కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో బాపుకు ఇప్పటికీ అర్థం కాదు, ఇంట్లో ఎప్పుడు ఆయన మాట వచ్చినా "భాయ్ మర్సిపోయిండు" అంటాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఆ రోజు గాజు తలుపుల దగ్గర ఆయన తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ, నా కళ్ళలోకి చూడకుండా అన్న మాటలివి:

"అన్ననొక్కణ్ణే పంపింది నా తప్పే పాప, మనసులో పెట్టుకోవద్దు. ఆ పొద్దు నువ్వు ఆ పక్క సూద్దామనకపోయింటే, ఈ మొగం నేను ఎవురికీ సూపించలేకపోతాంటి."